శుక్రవారం తూకం

లిసియాతే బరువు ఈ వారమూ తగ్గలేదు.

నర్సు వీకా కాటా మీద అంకెను రెండుసార్లు చూసింది. నూట ఇరవై. నడుముకు చుట్టిన చాపకు రెండు కిలోలు తీసేస్తే నూట పద్దెనిమిది. పెళ్లాం పోయిన మగాడు ఏడాదిపాటు కట్టుకునే పాత చాప అది. విప్పమని ఎవరూ అడగరు.

"పెదనాన్నా, నిజం చెప్పు. దొంగచాటుగా చేమదుంప తింటున్నావు కదూ?"

"తింటే నీకు చెప్పి తింటానా అమ్మాయ్?"

"అదీ నిజమే. మరి బ్రెడ్డు?"

"దాని మొహం చూసి ఆర్నెల్లయింది."

వీకా నిట్టూర్చి, అంకె రాయడానికి అతని తూకం కార్డు తీసింది. మా దీవిలో ఏ ఇంట చూసినా చక్కెర జబ్బే. దుంపలు, బ్రెడ్డు, అన్నం మానేసి చేపలు, గుడ్లు, ఆకుకూరలతో సరిపెట్టుకోమని ఆసుపత్రివాళ్లు చాలామందికి చెప్పారు. వారానికోసారి ఇంటికొచ్చి మరీ తూస్తున్నారు. మూడు నెలలు తిరిగేసరికి సగం మంది చేతులెత్తేశారు. తగ్గిన ఒళ్లంతా మళ్లీ తెచ్చేసుకున్నారు. లిసియాతే మాత్రం పట్టు వదల్లేదు.

తిండి మానడం ఏం కష్టం? తినేవాళ్ల మధ్య ఊరికే కూర్చోవడం కష్టం. ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రతి పెరట్లోనూ దుంపలూ మాంసమూ గోతిలో పూడ్చి ఉడికించిన నేలపొయ్యి తెరుస్తారు. మొదట్లో అందరూ లిసియాతేని పిలిచేవారు. దుంప ముట్టకుండా కూర్చుంటే వండినవాళ్లకు తల కొట్టేసినట్టుండేది. అందుకని అతనే వెళ్లడం మానేశాడు. తర్వాత వాళ్లూ పిలవడం మానేశారు. భార్య తోకిలూపె పోయి ఏడు నెలలైంది. ఇప్పుడు శుక్రవారం వీకా వస్తే తప్ప ఆ ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినబడదు. తలుచుకుంటే ఉసూరుమంటుంది.

"నీ తప్పేం లేదులే," అంది వీకా. "మొదటి వారాల్లో తగ్గేది చాలావరకు నీళ్లే. తర్వాత ఒళ్లు పిసినారిదైపోతుంది. నువ్వు తక్కువ తింటే అదీ తక్కువే ఖర్చుపెడుతుంది. అందరికీ అక్కడే వస్తుంది చిక్కు."

"నాది మరీ పీనాసి ఒళ్లులా ఉంది."

"వింతేంటంటే, నీ చక్కెర మామూలుకొచ్చేసింది. మొహం పీక్కుపోయింది. చొక్కా వేలాడుతోంది. కాటాకే కనబడటం లేదు."

లిసియాతే తల దించుకున్నాడు.

"నూట పదికి దిగుంటే ఈపాటికి కార్డు మూసేసేవాళ్లం. నీకు నా పీడ వదిలేది. ఇంకో మూడు నెలలు తూయమన్నాడు డాక్టరు. ఏమనుకోకు పెదనాన్నా."

"కానీయ్ తల్లీ. ఏం చేస్తాం."

టీ పెట్టి ఇచ్చాడు. వీకా తన అత్తగారి సణుగుడు గురించి చెప్పింది. తప్పిపోయిన పంది చర్చి వెనక దొరికిన సంగతి చెప్పింది. అతను ప్రతి మాటకీ రెండు ప్రశ్నలు వేశాడు. కప్పు ఖాళీ కాకుండానే మళ్లీ నింపాడు. గంట ఇట్టే గడిచిపోయింది.

"మళ్లీ శుక్రవారం," అని ఆమె సైకిలెక్కింది.

ఆమె మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, లోపలికొచ్చి తలుపేసుకుని, చాప కింద నడుముకు కట్టుకున్న పది కిలోల సీసపు గుండ్లను, చేపల వలకు కట్టేవాటిని, విప్పి, వచ్చే శుక్రవారం కోసం మంచం కింద దాచుకున్నాడు లిసియాతే.