తిరగేసిన గ్యాస్కెట్

మొగుడు పాత పికప్ ట్రక్కు బానెట్ ఎత్తి, ఇంజన్ హెడ్డు బోల్టులు అంచుల నుంచి మధ్యకు వస్తూ ఒక్కోటీ కాస్త కాస్తగా వదులు చేస్తుంటే ఆమెకు ఒళ్లు మండింది.

తప్పుగా చేసుంటే మండేది కాదు. సరిగ్గా చేస్తున్నాడు. అదే అనుమానం.

మొన్నమొన్నటిదాకా టైరు మార్చాలన్నా ఇంకొకరిని పిలిచే మనిషి. ఇంజన్ల సంగతి ఆమెకు చిన్నప్పటి నుంచీ, పుట్టింటి షెడ్డులోనే తెలుసు. చెప్పబోతే ఏనాడూ చెవిన పెట్టలేదు. ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే చాలు, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, సాయంత్రానికి గోళ్లలో గ్రీజుతో తిరిగొస్తున్నాడు.

"ఎవరు నేర్పారేం?"

"తెలిసినవాళ్లు," అన్నాడు తల ఎత్తకుండా.

తెలిసినవాళ్లట! స్పేర్ పార్టుల కొట్టులో కూర్చునే ఆవిడ తప్ప ఇంకెవరు? గ్యాస్కెట్ ప్యాకెట్ చేతికిస్తూ ఆవిడ పళ్లన్నీ బయటపెట్టి నవ్వడం తను కళ్లారా చూసింది.

ఈ మనిషి కోసమే ఆమె పుట్టింటిని వదులుకుంది. ఇప్పుడు ఈయన కూడా చెయ్యి జారిపోతే, వెళ్లి తలదాచుకోవడానికి ఒక్క గడప లేదు.

హెడ్డు విప్పి పక్కన పెట్టి, కింద అంతా తుడిచి, మళ్లీ బిగించబోతుండగా ఫోను మోగింది. అతను చేతులు తుడుచుకుంటూ పెరటి వైపు నడిచాడు. గొంతు తగ్గించాడు గానీ, ఆమెవి పాము చెవులు.

"ఇంకా చెప్పలేదండీ... చెబితే ఏడ్చి గోల చేస్తుంది. ఇవాళ్టికి బండి అయిపోతుంది. రేపు నేనే వచ్చి మిమ్మల్ని ఇంటికి తీసుకొచ్చేస్తాను. ఇక ఏడ్చినా నవ్వినా మీ ఎదురుగానే కదా!"

ఇంటికే తెస్తాడట! ఆ మహాతల్లి తన సీట్లో కూర్చుని, కిటికీలోంచి జుట్టు ఎగరేసుకుంటూ, తన గేటు ముందు దిగుతుందట! ఆమెకు ఏడుపు రాలేదు. నేరుగా బండి దగ్గరికి నడిచింది.

ఇంజన్‌కీ హెడ్డుకీ మధ్య వేసే పల్చటి రేకు, కొత్త గ్యాస్కెట్, ఇంజన్ మీద పరిచి ఉంది. హెడ్డు మూయడమే తరువాయి. పైవైపు అని గుర్తున్న ముఖం పైకే ఉంది. గురువమ్మ బాగానే నేర్పింది.

ఆమె దాన్ని ఎత్తి, తిరగేసి, మళ్లీ పరిచింది. ఇక ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు పారే రంధ్రాలు సగం మూసుకుపోతాయి. వెళ్లేటప్పుడు బండి ఎలాగో వెళ్తుంది. తిరిగొచ్చేటప్పుడు పొగలు కక్కుతుంది. ఆవిడగారి ముందు పరువు పోయి నడిరోడ్డు మీద నిలబడనీ!

అతను తిరిగొచ్చి, "కాస్త చెయ్యి వెయ్యి," అన్నాడు. ఇద్దరూ కలిసి హెడ్డు దించారు.

"నువ్వు పక్కనుంటే ఎంత పనైనా ఇట్టే అయిపోతుంది," అని మురిసిపోయాడు. ఆమె ఒక్కో బోల్టూ అందించింది.

మర్నాడు ఇస్త్రీ చొక్కాతో బయల్దేరాడు. మధ్యాహ్నం దాటింది. రాలేదు. తిక్క కుదిరింది అనుకుంది. ఇంకాసేపటికి, అసలు రాకపోతేనో అనుకుంది. ఆ పైన కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ గేటుకీ మధ్య తిరగడమే.

చివరికి వీధి మలుపులో ట్రక్కు కనిపించింది. ఇంజన్ చప్పుడు లేదు. బానెట్ సందుల్లోంచి ఆవిరి. మొగుడు తలుపు తెరిచి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, భుజంతో తోసుకుంటూ నడిచొస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది.

లోపల పక్క సీటు ఖాళీ.

ఆమె ప్రాణం లేచొచ్చింది. నవ్వు దాచుకుంటూ గేటు బార్లా తీసింది.

"అయ్యో పాపం, ఒక్కరే వచ్చారే?"

అతను రొప్పుతూ చేత్తో వెనక్కి చూపించాడు.

బండిని వెనక నుంచి తోస్తున్న మనిషి నడుం పట్టుకుని నిటారుగా లేచి, "గ్యాస్కెట్ తిరగేసింది నువ్వే కదే?" అన్నాడు, పెళ్లయిన నాటి నుంచి ఆమె మొహం చూడని నాన్న.