మగ్గమున్న ఇంటికి కుక్క

“మనింటికి ఒక కుక్కను తెస్త,” అన్నాడు కైలాసం, మగ్గం గుంటలోంచి తల ఎత్తకుండానే.

కండెలు చుడుతున్న బాలలక్ష్మి చెయ్యి రాట్నం మీద ఆగిపోయింది.

“కుక్క ఎందుకు?”

“రొట్టెలు మాయమైతున్నయి. పోయిన వారం గిట్లనే అయింది, నిన్న గూడ అయింది. పెరట్ల నుంచి ఎవడో దొంగ వస్తుండు.”

“ఏ పిల్లి తిన్నదో!”

“పిల్లి రొట్టెతోటి ఉల్లిగడ్డ గూడ తింటదా?”

బాలలక్ష్మి మళ్లీ రాట్నం తిప్పింది. ఆ దొంగ తనే.

సంగంలో కలిసిన కొడుకు మొగిలి ఏడాదిగా గుట్టల్లో తలదాచుకుంటున్నాడు. వారానికోసారి పొద్దు వాలే వేళ పెరటి తడక దాకా వస్తాడు. తల్లి ఇచ్చిన సద్దిమూట అందుకుని, ఆమె ముఖం ఒకసారి చూసుకుని వెళ్లిపోతాడు. ఈ సంగతి ఆమె భర్తకు చెప్పలేదు. కొడుకు జాడ చెప్పమని, సంగంవాళ్ల వేటకు ఊళ్లో దిగిన క్యాంపు జవాన్లు కైలాసాన్ని పట్టుకుపోయి, కుడిచేతి వేళ్లు నలగ్గొట్టి పంపారు. చాలాకాలం మగ్గం మీద నాడె విసరలేకపోయాడు. తిరిగొచ్చిన రోజే వాకిట్లో నిలబడి, వాడకట్టంతా వినేటట్టు “నాకు కొడుకు లేడు” అని అరిచాడు. ఆ తర్వాత మొగిలి పేరు అతని నోట రాలేదు. మనసు విరిగిన మనిషికి చెప్పి ఏం లాభం? పైగా మళ్లీ పట్టుకుపోతే, ఏమీ తెలియనివాడి దగ్గర ఎవరు మాత్రం ఏం రాబడతారు?

“పొద్దంత నువ్వు మగ్గం మీద, నేను రాట్నం కాడ, అత్త పడుగు సర్దుకుంట. కుక్కను ఎవరు జూస్తరు?” అంది.

“మనసొంటి పనోళ్లకు పనికొచ్చే జాతి ఉంటది. ఎతికితె దొరుకుతది.”

అంగడి రోజు పక్కింటి భూమన్న ఒక వేటకుక్కను తెచ్చి చూపించాడు. సన్నటి నడుము, పొడుగు కాళ్లు. ఒక్కచోట నిలవడం లేదు.

“గిది ఊకె కూసుండేది గాదు. దినాం ఉరికియ్యాలె. కట్టేస్తే పడుగంత పీకిపెడ్తది,” అంది బాలలక్ష్మి.

కైలాసం వద్దని పంపేశాడు.

తర్వాత ఎవరో కంట్రాక్టరు ఇంటి సీమకుక్క పిల్ల ఉందన్నారు.

“దినాం మాంసం ఏడికెల్లి పెడ్తవ్? మనకే జొన్న గట్కకు ఎల్తలేదు.”

కైలాసం ఆమె మాటకు తలూపి అదీ వద్దన్నాడు. గండం గడిచిందనుకుంది ఆమె.

కానీ గుట్ట కింద గొర్లు కాసే దశరథం ఒకరోజు గొంగడి భుజాన వేసుకుని వచ్చాడు.

“అక్కా, పనిల పడ్డ ఇంటికి మా మందకుక్కను మించింది లేదు. గట్క పోస్తె తాగుతది. ఉరికియ్యనక్కర లేదు, ఇంటి సుట్టు అదే తిరుగుతది. మనోళ్లని మనసుల వెట్టుకుంటె కుయ్యిమనది. పరాయోడు అడుగు వెడితె మాత్రం ఇడువది.”

వంక పెట్టడానికి ఈసారి ఆమెకు ఏమీ దొరకలేదు. “నాకు భయమైతది,” అంటే కైలాసం వినిపించుకోలేదు.

“ఆడనే జర మచ్చిక చేసుకుని తెస్త,” అన్నాడు.

ఆనాటి నుంచి సాయంత్రం మగ్గం దిగగానే గుట్ట కింది మంద దగ్గరికి పోయేవాడు. ఆలస్యంగా వచ్చేవాడు. వచ్చినప్పుడు ముఖంలో ఒక తేటదనం. ఏడాదిగా ఇంట్లో నవ్వని మనిషి కుక్క కోసం అంత దూరం తిరుగుతుంటే బాలలక్ష్మికి కడుపు మండింది. కన్నకొడుకును కాదన్నోనికి కుక్క మీద గింత పావురమా, గింత ప్రేమనా అనుకుంది.

చివరికి ఒక ఉదయం కుక్కను తోలుకొచ్చాడు. బూడిద రంగు, బలమైన మెడ. బాలలక్ష్మినీ, అత్త లస్మవ్వనూ వాసన చూసి, గట్క తాగి, పెరట్లో పడుకుంది.

మధ్యాహ్నం క్యాంపు జవాను ఎప్పటిలాగే విచారణకు వచ్చాడు. వాకిట్లో అడుగు పెట్టాడో లేదో, కుక్క పెరట్లోంచి ఉరికొచ్చి మీదికి దూకబోయింది. దాని మొరుగుడుకు వాడకట్టంతా బయటికొచ్చింది. కైలాసం దాని మెడతాడు పట్టుకుని ఆపాడు. జవాను తిట్టుకుంటూ వీధిలోనే నిలబడి, అడగాల్సింది అడిగి పోయాడు.

బాలలక్ష్మి పెరటి తడక వైపు చూసింది. ఈరోజే మొగిలి వచ్చే రోజు.

“దాన్ని ముంగట కట్టెయ్యి,” అంది.

“ముంగట ఎందుకు? దొంగ వచ్చేది పెరట్ల నుంచే గద,” అని కైలాసం దాన్ని పెరట్లో గుంజకు కట్టేశాడు.

పొద్దు వాలింది. ఆమె కొంగు చాటున సద్దిమూట పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడింది. తడక వెనుక ఎండుటాకులు చప్పుడయ్యాయి. కుక్క చెవులు నిక్కబొడుచుకుని లేచింది. కైలాసం వంగి తాడు ముడి మీద చెయ్యి వేశాడు.

ఆమె ఉరికొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

“ఇప్పకు! నీ కాల్మొక్త. రొట్టెలు తీసింది నేనే. గాడున్నది దొంగ గాదు, మనోడు. గిది మొరిగితె క్యాంపంత ఉరికొస్తది. వాన్ని సంపుతరు!”

కైలాసం ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చేతిని మెల్లగా తప్పించి, వంకరపోయిన వేళ్లతో ముడి విప్పాడు. కుక్క ఒక్క దుముకులో తడక వైపు పోయింది. బాలలక్ష్మి రెండు చేతులతో చెవులు మూసుకోబోయింది.

“వారం సంది మంద కాడ దానికి బువ్వ పెడ్తున్నది మొగిలే,” అన్నాడు కైలాసం.