కొండను మోసేటోడు

"ముప్పై ఏండ్లయినా నేనైతే మరువలే, దొంగమొహందానా!" క్రిస్టోఫర్ పాత కామిక్ పుస్తకాన్ని చెల్లె ఫ్లోరెన్స్ ముంగట విసిరికొట్టిండు.

నాన్న రిటైరైండు. గనుల కాలనీల క్వార్టర్ ఖాళీ చేస్తుండ్రు ఇద్దరూ.

నడిమి పేజీల ఆరుగురు వీరులు కూలే కొండకు అడ్డం నిలబడుతరు. ఆ కండలు, ఆ రంగులు క్రిస్టోఫర్‌కు కండ్లు మూసినా కనబడుతయ్. కానీ పేజీల ఐదుగురే మిగిలిండ్రు. రెండు చేతులతోని కొండను మోసేటోని జాగల కత్తెరతో కోసిన బొక్క.

"కోసింది నువ్వే గదా?"

"అవ్, నేనే! నాన్న మొదటిసారి బొగ్గుబాయిల దిగేనాడు, పైకప్పు కూలుతదని ఏడ్చిందెవరు? నువ్వు గాదా? అందుకే వాణ్ని కోసి, నాన్న టోపీ లోపల అన్నం మెతుకులతోని అంటువెట్టిన."

"అన్నీ అబద్ధాలే!"

మేకుకు వేలాడే నాన్న డ్యూటీ టోపీని గుంజి తిరగేసిండు. లోపల టేపు కింద, రంగు వెలిసిన వీరుడు చేతులెత్తి నిలబడ్డడు.

ఫ్లోరెన్స్ గొంతు తగ్గింది. "అన్నా... నేనంటువెట్టింది నల్ల టోపీకి. అది పారేసి ఇరవై ఏండ్లాయె. ఇది పసుపుది."

క్రిస్టోఫర్ టోపీని వెలుతురుకు పట్టిండు. టేపు కింద, బొగ్గంటిన పెద్ద బొటనవేలి ముద్ర ఉంది.