ముప్పై ఒకటో నంబరు

"నేను కదల."

బుచ్చమ్మ ఆ మాట అనడం అది పదోసారో, పదకొండోసారో.

పోలీస్ యాక్షన్ అయి ఏడాది దాటింది. మల్కాజ్‌గిరిలో రైలు పట్టాల అవతలి జాగీరు భూమిని కాలనీ కమిటీ కొనేసింది. అరవై ప్లాట్లు, వెడల్పాటి బాటలు, నడుమ పిల్లలకో పార్కు. సికింద్రాబాద్ ఆఫీసు బాబులంతా ఇరుకు గల్లీలు వదిలేసి ఇక్కడికి వచ్చేస్తారట. బాగానే ఉంది. కాకపోతే ఆ భూమిలో బుచ్చమ్మ గుడిసె ఉంది. గుడిసె పక్కన, చనిపోయిన ఆమె పెనిమిటి భద్రయ్య ఒంటిచేత్తో తవ్విన బావి ఉంది. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. ఆ బావిలో మాత్రం కొబ్బరినీళ్లలాంటి నీళ్లు.

కమిటీ పెద్ద పేరు బ్రహ్మచారి. ఆయన కన్ను ఆ బావి మీదే.

"గిట్ల మొండికేస్తే ఎట్ల బుచ్చమ్మా? నీ దగ్గర కాయితం ఉన్నదా?" అన్నాడు బ్రహ్మచారి.

"లేదు. జాగీర్దారు నోటిమాట ఇచ్చిండు. ముప్పై ఏండ్లాయె."

"జాగీర్లే పోయినయి. ఇంక ఆయన మాటేడిది?"

"రజాకార్లు గుడిసె ముంగట నిలబడ్డనాడే కదల్లే. నీ ధోతి చూసి కదుల్తనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాపుకోలేక తలలు తిప్పుకున్నారు. బ్రహ్మచారి మొహం కందగడ్డయింది.

కమిటీ రూలు ఒకటుంది. అక్కడ గుడిసె ఉన్న మనిషికి ఒక ప్లాటు ఇవ్వాలి. ఎప్పుడు? మెంబర్లంతా ఏరుకున్నాక మిగిలితే! బుచ్చమ్మకు కావలసింది బావి ఉన్న ముప్పై ఒకటో నంబరు ఒక్కటే. అది పోతే ఆమెకు మొగుడు రెండోసారి పోయినట్టే.

కాలనీ పటం, అదే నక్ష, గీసినాయన సర్వేయరు జ్ఞానశేఖర్. బందరు నుంచి వచ్చిన క్రైస్తవుడు. మూడు నెలలపాటు ఆ బావి పక్కనే డేరా వేసుకుని, ఆ నీళ్లే తాగి, గొలుసు పట్టి భూమంతా కొలిచాడు. ఎవరేమడిగినా "నక్షలో ఎలా ఉంటే అలాగేనండి" అంటాడు తప్ప మరో మాట ఉండదు.

ప్లాట్లు ఏరుకునే రోజు వచ్చింది. మంజూరైన నక్ష పట్టుకుని జ్ఞానశేఖర్ ముందు నడిచాడు. వెనక మెంబర్లు. నేల మీద మేకులు, సున్నపు గీతలు. మొదటి వంతు బ్రహ్మచారిది. గుడిసె దాకా ఒక్క ఊపున వచ్చాడు. బుచ్చమ్మ గడపలో కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంది. లేవలేదు.

బ్రహ్మచారి గుడిసెకు వీపు పెట్టి ముందుకు చూశాడు. కాగితం మీద తట్టని సంగతి సున్నపు గీతల్లో ఇప్పుడు కనబడింది.

నలభై అడుగుల పెద్ద బాట స్టేషన్ వైపు నుంచి సూటిగా వచ్చి, సరిగ్గా ఆ గడప ముందు ఆగింది. అక్కడి నుంచి కుడికీ ఎడమకీ చీలింది.

"అరెరె! వీధి పోటు!" అన్నాడు. "బాట ఎదురొచ్చి గడపను పొడుస్తున్నది. గీ ఇంట్ల యజమాని ఏడాది సుత నిలవడు. సర్వేయర్ సాబ్, జెర ఆ బాటను పక్కకు జరపరాదూ!"

"నక్ష మంజూరైపోయిందండి. ఇక గీత కదపడం నా వల్ల కాదు."

బ్రహ్మచారి వెనక్కి తగ్గాడు. మిగతా మెంబర్లు అటు చూడ్డానికే జంకారు. సాయంత్రానికి యాభై తొమ్మిది ప్లాట్లు పోయాయి. మిగిలింది ముప్పై ఒకటో నంబరు ఒక్కటే.

బావి పోయిందన్న బాధ కంటే పగ తీరిందన్న సంతోషమే బ్రహ్మచారికి ఎక్కువైంది.

"తీస్కో బుచ్చమ్మా, నీ నసీబు. పోటు జాగ! ఏడాదిల నువ్వే పరేషానై ఖాళీ చేస్తవ్."

బుచ్చమ్మ కొంగు బిగించి లేచింది.

"మంచి జాగలన్నీ మీరు పంచుకొని, పోటు జాగ నా మొహాన కొడ్తున్నరా? కొట్టుండ్రి! ఆ పోటు నన్నేం జేస్తదో నేను సుత చూస్త. ఈసారి నోటిమాట నడవది. కాయితం రాయి. అందరి ముంగట దస్కత్ పెట్టు."

బ్రహ్మచారి రాసిచ్చాడు, దస్కతూ పెట్టాడు. "పాపం ముసలమ్మ!" అనుకుంటూ జనం వెళ్లిపోయారు.

జ్ఞానశేఖర్ డేరా విప్పుతున్నాడు. బుచ్చమ్మ బావిలోంచి చెంబెడు నీళ్లు తోడి ఇచ్చింది. ఆయన గటగటా తాగి, నక్ష చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

ఆ నక్ష ఇంకా పెన్సిలు గీతలుగా ఉన్న రోజుల్లో, పక్కనుంచి పోవాల్సిన పెద్ద బాటను సూటిగా తన గడపకే గురిపెట్టమని కాగితం మీద వేలు పెట్టి చూపించింది బుచ్చమ్మే.