కుదుపు లేని బండి

“ఇంకో పట్టీ తీసెయ్ బాబాయ్.”

“నీకేమైనా పిచ్చా? బరువు మోసే కమాన్ పట్టీలన్నీ పీకేస్తే బండి నేలకి అతుక్కుపోతుంది,” అన్నాడు షెడ్డు బాబాయ్, జీపు కింద పడుకునే.

“బరువులు మొయ్యక్కర్లేదు. కుదుపు ఉండకూడదు, అంతే.”

“కొండెక్కే బండి చేయిస్తున్నావో, ఉయ్యాల చేయిస్తున్నావో నాకైతే అర్థం కావడం లేదురా!”

అతను నవ్వలేదు. పనిలో పడ్డాడంటే నవ్వే రకం కాదు. అతను వడ్రంగి. కొండ మీద పట్టుమని పాతికిళ్ళు లేని చోట ఉంటాడు. కొండ దిగువన ఈ షెడ్డు, అది దాటితే తారురోడ్డు, ఆసుపత్రి. పైకి ఉన్నదల్లా రాళ్ళు తేలిన బాట. అంబులెన్సు వాళ్ళు ఆ బాట మొహం చూసి దండం పెట్టి వెనక్కి పోతారు.

అందుకే తుక్కు ధరకి ఈ ముసలి జీపును కొన్నాడు. అదేం జీపులెండి! అడుగు రేకు తుప్పు పట్టి కింద నేల కనపడేది. బ్రేకు తొక్కితే కాలు నొప్పి పుట్టేది తప్ప బండి ఆగేది కాదు. ఇంజను ఒక్కటే, చావనని భీష్మించుకుని కూర్చుంది. చేతిలో ఉన్న కాస్తా టైర్లకీ బ్రేకులకీ సరిపోయింది. మిగతాదంతా సొంత కష్టమే. తుప్పు రేకు కోసేసి, చిత్రిక పట్టిన చెక్కలు పరిచాడు. తుక్కులో పడేసిన బస్సు సీట్ల స్పాంజి అడిగి తెచ్చుకుని, మనిషి పొడుగున పరుపు కుట్టాడు.

“రంగు వెయ్యొద్దూ?” అన్నాడు బాబాయ్ బయటికి జరిగి.

“రంగెవరు చూస్తారు బాబాయ్? ముందు బండి లేవాలి. నెలలు నిండిపోయాయి.”

“తొలి కాన్పా?”

చెక్క మీద అతని చెయ్యి ఆగిపోయింది.

“రెండోది. మొదటిసారి పెద్ద వాన. మంచం మీద పడుకోబెట్టి నలుగురం మోసుకొస్తుంటే, మూడో మలుపు దగ్గర పుట్టింది పాప. ఏడవలేదు.”

బాబాయ్ చేతిలోని పానా కింద పెట్టాడు.

పెళ్ళయిన ఏడాదికి జరిగిన మాట అది. ఆ పాపను తన చొక్కాలో చుట్టుకుని మోసుకెళ్ళిన తండ్రి అతనే. ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆమె మొహం చూస్తే అతనికి ఆ మలుపే కనపడేది. అతని మొహంలో ఆమెకూ అదే. ఎవరి తప్పని చెప్పగలం? పాపం, ఇద్దరూ ఏడ్చేవాళ్ళే, ఇద్దరూ విడివిడిగా ఏడ్చేవాళ్ళు.

“ఈ బండి తన కోసమేనని ఆ పిల్లకి తెలుసా?”

“తెలీదు. ముందే తెలిస్తే ఎక్కనంటుంది.”

“అంత మొండా?”

“మొండితనంలో తన ముందు ఈ ఇంజనెంత!” అన్నాడు అతను. అలా అన్నప్పుడు మాత్రం పెదాల మీదికి చిన్న నవ్వు వచ్చింది.

“సర్లేరా. బిడ్డ పుడితే అన్నీ అవే సర్దుకుంటాయి. నా కూలి సంగతి మర్చిపో. బిడ్డను తెచ్చి నాకు చూపించు, చాలు.”

అతను తల వంచుకుని మళ్ళీ చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు.

బ్రేకులు బిగించి, ఇంకా చేతులైనా కడుక్కోలేదు, ఫోను మోగింది. పైనుంచి మేస్త్రి. బాటలో గుంటలు కనపడితే చాలు, రాళ్ళూ మట్టీ మోసుకొచ్చి పూడ్చే మనిషి.

“అన్నా, నొప్పులు మొదలయ్యాయి. బండి నడుస్తుందా?”

“నడుస్తుంది. దుప్పట్లు సర్దండి, వచ్చేస్తున్నా.”

“మధ్యలో మొరాయిస్తే నీ వల్లకాదు, పద,” అంటూ బాబాయ్ పానాల సంచీతో ముందు సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు.

జీపు మూలుగుతూ, పొగలు కక్కుతూ కొండెక్కింది. ఆమెను తల్లీ మేస్త్రీ చెరో పక్కా పట్టుకుని తీసుకొచ్చారు. స్టీరింగు దగ్గర ఎవరున్నారో చూసి ఆమె ఆగిపోయింది. అతను తల తిప్పుకున్నాడు. ఎక్కనంటుందేమోనని భయపడ్డాడు. ఈలోగా ఇంకో నొప్పి వచ్చింది. ఆమె పళ్ళు బిగించి ఎక్కి పడుకుంది.

అతను ఒక్కో రాయినీ చూసి చూసి దింపాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. వెనక తల్లి కూతురి తల నిమురుతోంది. ఆమె అటూ ఇటూ దొర్లకుండా మేస్త్రి గట్టిగా పట్టుకున్నాడు.

మూడో మలుపు వచ్చింది. అతనికి తెలియకుండానే కాలు బ్రేకు మీదికి పోయింది.

“ఇక్కడ మాత్రం ఆపకు,” అంది ఆమె.

ఎన్నాళ్ళకో ఆమె అతనితో అన్న మాట అది. అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. బండి ఆపలేదు.

ఆసుపత్రి వరండాలో నలుగురూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. లోపల్నుంచి కేరుమని ఏడుపు వినపడగానే తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. అతను రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరున ఏడ్చేశాడు. బాబాయ్ వీపు నిమురుతూ, “ఏడ్చెయ్‌రా, ఏడ్చెయ్, బరువు దిగుతుంది,” అన్నాడు.

నర్సు తెల్లటి గుడ్డలో బిడ్డతో బయటికొచ్చింది.

“ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఈమె భర్త ఎవరండీ?”

“నిన్నేరా, లే!” అంటూ బాబాయ్ అతని భుజం తట్టాడు.

“నేను కాదు బాబాయ్. మేం ఎప్పుడో విడిపోయాం,” అన్నాడు అతను, కళ్ళు తుడుచుకుంటూ.

మేస్త్రి లేచి వెళ్ళి తన బిడ్డను ఎత్తుకున్నాడు.