ఏడో టేకు

“తుపాకీ కింద పడేసి చేతులెత్తు!” ముసుగు వేసుకున్న హీరో గర్జించాడు.

“పడెయ్యను,” అన్నాడు గార్డు.

“కట్!” డైరెక్టర్ తల పట్టుకున్నాడు. అది ఆరో టేకు.

సెలవు రోజు బ్యాంకులో దోపిడీ సీను తీస్తున్నారు. గార్డు వేషం వెయ్యాల్సిన మనిషి రాకపోవడంతో గుమ్మం దగ్గరున్న అసలు గార్డునే నిలబెట్టారు. అదే కొంప ముంచింది.

“ఇది సినిమా బాబాయ్. ఉత్తుత్తినే పడెయ్,” హీరో ముసుగు పైకి లాగి బతిమాలాడు.

“నీకేం నాయనా, సాయంత్రానికి వెళ్ళిపోతావు. రేపట్నించి ఈ గుమ్మంలో నిలబడేది నేను. గట్టిగా అరిస్తే చాలు, ఇక్కడి గార్డు తుపాకీ పారేస్తాడని ఊళ్ళో దొంగలందరూ టిక్కెట్టు కొనుక్కుని మరీ చూడాలా? కావాలంటే నన్ను కాల్చి చంపినట్టు తీసుకోండి. చస్తాను గానీ దించను.”

బ్యాంకు మేనేజర్ మొహం ఎర్రబడింది. షూటింగుకి ఒప్పుకున్నది ఆయనే. ఒక సీన్లో ఆయన్నీ చూపిస్తామన్నారు మరి.

“ఏమయ్యా, నా పరువు తీస్తున్నావు! ఈసారి పడెయ్యకపోతే రేపట్నించి డ్యూటీకి రానక్కర్లేదు.”

గార్డు ఇంట్లో ఐదుగురు ఆ జీతం మీదే బతుకుతున్నారు. అయినా బెల్టు బిగించుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

ఏడో టేకు. హీరో కొత్త ఊపుతో దూసుకొచ్చాడు.

“పడెయ్ రా ముసలోడా!”

గార్డుకి ఒళ్ళు మండింది. తుపాకీ ఎత్తి సూటిగా హీరో గుండెకి గురిపెట్టాడు.

“నువ్వే పడెయ్!”

హీరో చేతిలోని బొమ్మ తుపాకీ ఠపీమని కింద పడింది. “సార్! ఈయనది నిజం తుపాకీ!”

అంతే. లైట్లవాళ్ళు కౌంటర్ల వెనక్కి పరుగెత్తారు. కెమెరామన్ స్తంభం చాటున నక్కాడు. మేనేజర్ తన బల్ల కింద దూరాడు. డైరెక్టర్ మాత్రం ఉన్నచోటే చేతులెత్తేశాడు.

“నువ్వు చెప్పినట్టే తీస్తాను పెద్దాయనా. దొంగే పారిపోతాడు, సరేనా? ముందు అది దించు. తూటా పేలిందంటే ప్రాణాలు పోతాయి!”

గార్డు అప్పుడు దించాడు తుపాకీ. డైరెక్టర్ చెవి దగ్గరికి వంగాడు.

“ఏ తూటా సార్? నాలుగేళ్ళుగా ఇవ్వమని మొత్తుకుంటున్నాను. ఒక్కటీ ఇవ్వని పెద్దమనిషి అదిగో, ఆ బల్ల కింద దాక్కున్నారు.”