ఎనిమిదో టైరు

రాత్రికి హోప్ టౌన్ రేవు పక్కన ట్రైలర్ ఆపి, జోగులు ఇంజను కట్టేశాడు. గాలి ట్యాంకూ ఖాళీ చేశాడు. టైర్లలో గాలి తగ్గితే ఆ ట్యాంకే నింపుతుంది. నింపుతున్నంతసేపూ ట్రైలర్ ముందు ఎర్రదీపం వెలుగుతుంది.

ఇప్పుడూ వెలుగుతోంది.

ఎనిమిదో టైరు దగ్గర గాలి చప్పుడు వినిపించింది. కాసేపు లోపలికి, కాసేపు బయటికి.

రేవు కాపలాదారు మల్లేశు టార్చి వేసి చూసి, అడుగు వెనక్కి వేశాడు.

"ఛోడో భయ్యా. నా గదికొచ్చి తొంగో."

"నా బండి ఒగ్గీసి నానెక్కడికీ రాను."

మల్లేశు వెళ్ళిపోయాడు. జోగులు టైరుకి వచ్చే గొట్టం విప్పేశాడు. వాల్వు నొక్కి గాలంతా తీసేశాడు. వేళ్ళకు తగిలిన గాలి వెచ్చగా ఉంది. మెత్తబడిన టైరు అతని చేతికిందే మళ్ళీ బిగిసింది.

జోగులు దాని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఊదు. ఎంతసేపు ఊదుతావో నానూ సూస్తాను."

చప్పుడు ఠక్కున ఆగింది. అవతల ఎవరో ఊపిరి బిగబట్టినట్టయింది.

జోగులు నవ్వాడు. రాళ్ళకు చిక్కిన వలలు విడిపించడానికి పదేళ్ళప్పటి నుంచి సముద్రం అడుగుకి మునుగుతూ పెరిగినవాడు అతను. గుండెల నిండా గాలి పీల్చుకుని, తనూ బిగబట్టాడు.